కత్తిసాము పేజీతో ఆనందపురం దాకా

ఎనభైల మొదట్లో ఒక జులై నెల. హైదరాబాదులో జర్మన్ పాఠాలు చెప్పుకుంటున్న నాకు విశాఖపట్నం నుంచి జీవరత్నం మాస్టారి ఉత్తరం వచ్చింది. నాకు జర్మన్ నేర్పింది ఆయనే. ఓడరేవులో జర్మనీ నుంచి దిగే యంత్రాల కాగితాలను ఇంగ్లీషులోకి మార్చడం ఆయన ఉద్యోగం. సాయంత్రాలు ఇంటి వరండాలో మాలాంటి నలుగురైదుగురికి ఆ భాష చెప్పేవారు. ఫీజు మాట ఎత్తితే కోప్పడేవారు. రిటైరయ్యాక ఆయన నెత్తికెత్తుకున్న పని గురించి చెబితే వినేవాళ్ళు ముందు నవ్వేవారు, తర్వాత నా మొహం చూసి ఊరుకునేవారు. అయిదు వందల ఏళ్ళ కిందట జర్మనీలో ఎవరో చేత్తో రాసిపెట్టిన కత్తిసాము గ్రంథాన్ని తెలుగు చెయ్యడం, అదీ పని. ఓడల మీద వస్తూ పోతూ ఉండే ఒక జర్మన్ ఇంజనీరుతో ఆయనకు స్నేహం. ఆ మనిషి తన ఊరి గ్రంథాలయంలో పేజీ పేజీకీ ఫోటో తీయించి ఒక కట్ట పంపించాడు. మాస్టారు ఆ కట్ట మీద ఎనిమిదేళ్ళుగా కూర్చున్నారు.

ఉత్తరం పొట్టిది. కుడి కన్ను నీటికాసులతో పోయిందనీ, ఎడమ కన్ను అదే దారిలో ఉందనీ రాశారు. సగం గ్రంథం దాటాక ఒక పేజీ దగ్గర తన చదువు తప్పిందని అనుమానం వచ్చిందట. ఆ పేజీ తర్వాత రాసినదేదీ చేసి చూస్తే కుదరడం లేదట. "నువ్వొచ్చి ఆ ఒక్క పేజీ చూడు. తప్పు చదివానని నువ్వు కూడా అంటే ఫోటోలు కట్టగట్టి వెనక్కి పంపేసి ఊరుకుంటాను" అని ముగించారు. నిజం చెప్పాలంటే నాకు వెళ్ళాలనిపించలేదు. వెళితే ఆ పనంతా నా మెడకు చుట్టుకుంటుందని భయం. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, కాలేజీలో మూడు క్లాసులు, దిద్దాల్సిన పేపర్లు. అయినా ఆయన దగ్గర నేర్చుకున్న భాషతోనే అన్నం తింటున్నాను కదా అనిపించి రెండు రోజులు సెలవు పెట్టాను.

సికింద్రాబాదులో సాయంత్రం రైలెక్కితే మర్నాడు ఉదయం ఏడింటికల్లా దిగిపోవచ్చు. అప్పుడు స్లీపరు టికెట్టు యాభై రూపాయలకు కాస్త అటూఇటూ. ఇవన్నీ అప్పటి ధరలు, వీటిని నమ్ముకుని ఎవరూ బయల్దేరకండి. దువ్వాడ దగ్గర కిటికీలోంచి చూస్తే స్టీల్ ప్లాంటు కోసం చదును చేసిన ఎర్రనేల మైళ్ళ కొద్దీ కనిపించింది, అక్కడక్కడా క్రేన్లు. పక్క సీటాయన తన తమ్ముడికి అందులో ఉద్యోగం వస్తుందని గోపాలపట్నం దాకా చెబుతూనే ఉన్నాడు. విశాఖ స్టేషను బోర్డు మీద అప్పటికింకా వాల్తేరు అనే ఉండేది. బయట రిక్షా అతన్ని పాతూరికి ఎంత అని అడిగాను.

"మూడ్రూపాయలియ్యండమ్మా."

"కిందటిసారి రెండుకే వచ్చాను."

"కిందటిసారి నాను తెచ్చేనేటి? ఎవుడో ఎర్రోడు తెచ్చుంటాడు" అన్నాడు. నవ్వొచ్చి ఎక్కేశాను. దారిలో పూర్ణా మార్కెట్ దగ్గర ఆపించి నేరేడుపళ్ళు కొన్నాను. ఆ ఇరుకులో ఎడ్లబండి ఒకటి, ఐసు పెట్టెల తోపుడుబండి ఒకటి ఎదురెదురుగా ఇరుక్కుని ఉండగా మా రిక్షా పావుగంట కదల్లేదు. అటు వెళ్ళేవాళ్ళు ఎనిమిదిలోపే మార్కెట్ దాటెయ్యడం మంచిది.

మాస్టారి ఇల్లు చర్చి వెనక సందులో. ఓడరేవు నుంచి ఇనుప ఖనిజం దుమ్ము వచ్చి కిటికీ చువ్వల మీద ఎర్రగా పేరుకునేది. మాస్టారి భార్య సంతోషమ్మగారు ఒక చేత్తో కిటికీ తుడుస్తూనే నన్ను లోపలికి పిలిచారు. "రా అమ్మా. నీకోసం తెల్లారకముందే లేచి కూకున్నారు. టిఫిను కూడా తిన్నేదు" అన్నారు. మాస్టారు వరండాలో బల్ల ముందు ఉన్నారు. నేను ఎదురుగా నిలబడితే నన్ను చూడలేదు. తల ఎడమకు తిప్పి, కాస్త వంచి, నా మొహాన్ని వెతికి పట్టుకున్నారు. ఆ చూపు ఎలా ఉంటుందో ఆయనే చెప్పారు. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందట, గొట్టం రోజురోజుకీ సన్నబడుతోందట. తొమ్మిది నుంచి పదకొండు దాకా వరండాలో ఎండ బాగా పడే రెండు గంటలే ఆయన పనివేళ. భూతద్దంతో ఒక్కో అక్షరం చూసి, బిగ్గరగా పలికి, తర్వాతి అక్షరానికి వెళ్ళేవారు. చూస్తూ ఉండడం నాకు కష్టమైంది.

ఆ పాత చేతిరాత గురించి రెండు మాటలు చెప్పాలి. మనకు అలవాటైన జర్మన్ అచ్చు తెలిస్తే అది చదవొచ్చనుకుంటే పొరపాటు. మూడు నాలుగు అక్షరాలు ఒకే రకం నిలువు గీతలతో ఉంటాయి. గీతలు ఆరు వరసగా కనిపిస్తే అవి రెండు అక్షరాలా మూడా అన్నది పక్కమాటను బట్టి తేల్చుకోవాలి. మాట పైన చిన్న అడ్డగీత ఉంటే రాసినవాడు ఒక అక్షరం మింగేశాడని అర్థం. ఇదంతా దాటి మాటలు తేలాక అసలు చిక్కు మొదలవుతుంది. ముందు జంటపాదాల పద్యం ఉంటుంది, కావాలనే అర్థం కాకుండా రాసింది. తన శిష్యులు కాని వాళ్ళ చేతిలో విద్య పడకూడదని ఆ కత్తిసాము గురువు పెట్టుకున్న కట్టుబాటు అది. కింద వచనంలో వివరణ ఉంటుంది, అదీ పొదుపుగానే.

"కత్తి పట్టి నిలబడే పద్ధతులు నాలుగు చెప్పాడమ్మా" అన్నారు మాస్టారు. "పేర్లు చూడు. ఎద్దు, నాగలి, వెర్రివాడు, ఇంటికప్పు. ఎద్దు అంటే కొమ్ము పొడుచుకొచ్చినట్టు కత్తి తల పక్కన పట్టాలి. అది మొదటిరోజే కుదిరింది. నాగలి దగ్గరే ఆగిపోయాను. పైగా ఆ పేజీ ఫోటో తీసేటప్పుడు వెలుతురు చాలలేదు. బొమ్మ మొత్తం నల్లగా వచ్చింది, పాదాలు తప్ప."

నేను ఆ పేజీ గంటసేపు చూశాను. నాగలి పట్టినట్టు కత్తిని నడుము పక్కన పట్టు, పిడి తొడ దగ్గర, మొన ఎదుటివాడి మొహం వైపు, రెండు చేతులూ దగ్గరగా. అక్షరం అక్షరం ఆయన చదివినట్టే ఉంది. ఒక్క తప్పు లేదు. కానీ ఆయన తెలుగు ప్రతిలో 'రెండు చేతులూ' అన్న మాట మీద ఎర్రసిరాతో కొట్టివేత ఉంది. పక్కన 'రాసినవాడి పొరపాటు. ఒక చెయ్యి అని ఉండాలి' అని రాసుకున్నారు.

"ఇది ఎందుకు కొట్టేశారు మాస్టారూ?"

"నాగలి రెండు చేతులతో ఎవరైనా పడతారా? నేను పట్నంవాణ్ణి, నాకు తెలీదు. అందుకని సన్యాసినాయుణ్ణి అడిగాను. ఆనందపురం అవతల పల్లె. ఓడరేవులో మజ్దూరుగా చేసేవాడు, గేటు దగ్గర పరిచయం. ఇప్పుడు వ్యవసాయం చేసుకుంటూ కర్రసాము నేర్పుతున్నాడు. వాడు నాగలి పిడిని, అదే మేడిని, పట్టి చూపించాడు. ఒక చెయ్యే. రెండో చేతిలో ములుకోల ఉంటుంది, ఎడ్లను అదిలించడానికి. ఆ గ్రంథం రాసినవాడంటే కూర్చుని రాతలు రాసుకునేవాడు కదా, వాడికి నాగలి ఏం తెలుస్తుంది?"

నాకు అది సబబుగానే తోచింది. సిగ్గుపడుతూ రాస్తున్నాను, తలాడించాను కూడా. నాగలి అన్న మాట చూడగానే నాకూ మన నాగలే కళ్ళముందు కదిలింది. ఆ పేజీ నుంచి ఆయన ఎడమ చేతిని ఖాళీగా వదిలేశారు. ఖాళీ చెయ్యి ఊరుకోదు కాబట్టి తర్వాతి పేజీల్లో దానికి పనులు కల్పించారు. ఎదుటివాడి మణికట్టు పట్టుకోవడం, మోచెయ్యి తొయ్యడం, అన్నీ రాసుకొచ్చారు. ఒక్కోచోట గ్రంథం ఎదురు తిరిగితే అక్కడా ఎర్రసిరాయే. నాయుడు మాత్రం ఆయన చెప్పింది చెప్పినట్టు కర్ర పట్టి నిలబడి, ప్రతిసారీ మణికట్టు మీద దెబ్బ తిన్నాడట. "రెండేళ్ళుగా దెబ్బలు తింటున్నాడు పాపం. వాడు తప్పని అనడు. నాకే తెలుస్తోంది" అన్నారు. సంతోషమ్మగారు పెట్టిన కొరమేను పులుసు అన్నం ఆయన ముట్టీ ముట్టనట్టు తిని లేచారు. "చదువు సరిగ్గానే ఉందంటున్నావు. అయితే గ్రంథమే తప్పా? తప్పు గ్రంథం మీద నా కళ్ళు పోగొట్టుకున్నానా?" అని అడిగారు. మర్నాడు నాయుడి దగ్గరికి వెళ్దామన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

మర్నాడు శనివారం. ఆరున్నర బస్సుకి బయల్దేరాం. ఆనందపురం పాతిక కిలోమీటర్ల లోపే, ఆర్టీసీ బస్సులో గంట. మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ మీదుగా హైవే మీదే పోతుంది. రెండు రూపాయల చిల్లర టికెట్టు. కుడివైపు కూర్చుంటే కొండల సందులోంచి రెండు మూడు చోట్ల సముద్రం కనిపిస్తుంది. మాస్టారిని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. సముద్రం వచ్చినప్పుడల్లా నేను చెప్పడం, ఆయన తల తిప్పి గొట్టంలోంచి వెతుక్కోవడం, ఈలోపు కొండ అడ్డం రావడం. మూడోసారి ఆయనే నవ్వేసి "ఇక చెప్పకులే, వాసన వస్తే చాలు" అన్నారు. ఆనందపురం కూడలిలో కూరగాయల లారీల మధ్య దిగి, టీ తాగి, పల్లె దాకా జట్కా మాట్లాడుకున్నాం. ముందురోజు వానకు దారి బురద. ఎనిమిదిన్నరకు చేరాం.

నాయుడు పొలంలోనే ఉన్నాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా బురద, ఎండకు కమిలిన భుజాలు. మాస్టారి కోసం తాటిచెట్ల నీడలో నులకమంచం వేయించి ఉంచాడు. మంచం దగ్గర అతని బావమరిది దేముడు రెండు వెదురు కర్రలు పట్టుకుని నిలబడ్డాడు. ఈ రెండేళ్ళూ నాయుణ్ణి కొడుతూ వచ్చినవాడు అతనే.

"ఈయమ్మేనేటి మీరు సెప్పిన టీచరమ్మ? దణ్ణాలమ్మా" అన్నాడు నాయుడు. "ఒక సాలు మిగిలింది, అయిపోగానే వొచ్చేత్తాను. మీరు కూకోండి మాస్టారూ."

నేను గట్టు మీద నిలబడి చూశాను. కుడిచేత్తో మేడి, ఎడమచేతిలో ములుకోల. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నా దగ్గర ఇక చెప్పడానికేమీ మిగల్లేదనుకున్నాను. మడి చివర, గట్టుకు దగ్గరగా, నేల ఇంకా నానని చోట నాగలి బిగుసుకుపోయింది. నాయుడు ఎడ్లను తిట్టాడు. ములుకోలను పళ్ళ మధ్య కరిచిపట్టి, ఖాళీ అయిన ఎడమచేతిని కూడా మేడి మీద వేసి, రెండు చేతులూ తొడ దగ్గరికి తెచ్చుకుని ఒళ్ళంతా మోపాడు. కర్రు నేలలోకి దిగింది. ఎడ్లు కదిలాయి.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. టీచరు శిక్షణ కోసం జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో ఎనిమిది నెలలు ఉన్నాను. నేనున్నది ఒక ముసలామె ఇల్లు, ఆ పెరట్లో ఆవిడ తాతల కాలం నాటి నాగలి ఒకటి పడి ఉండేది. ముందు చక్రాలు, వెనక చెరోవైపు ఒక్కో పిడి, మొత్తం రెండు పిడులు. ఆ రెండింటికీ చెరో కొసా కట్టి నేను చీర ఆరేసుకునేదాన్ని. ఎనిమిది నెలలు! అంత కాలం దాని మీద బట్టలు ఆరేసుకున్నాను తప్ప అది దేనికోసం అలా ఉందో ఒక్కరోజు ఆలోచించలేదు. మాస్టారి మీద కాదు, నా మీద నాకు ఒళ్ళు మండింది. గట్టు మీద నుంచి పరిగెత్తబోయి బురదలో ఒక చెప్పు పోగొట్టుకున్నాను.

"మాస్టారూ, వాళ్ళ నాగలికి రెండు పిడులు. వాళ్ళు రెండు చేతులతోనే దున్నుతారు. నేను చూశాను" అన్నాను ఆయాసపడుతూ.

నాయుడు వచ్చి కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు. "రెండు సేతులు నాగలికే పెట్టేత్తే మరి ఎడ్లనెవులు తోల్తారమ్మా?" అని అడిగాడు.

"ముందు ఇంకో మనిషి నడుస్తాడు."

"అలగైతే సరే. ఇద్దరు మనుసులున్నోల వెవసాయం అది" అన్నాడు. దేముడి చేతిలో కర్ర అందుకున్నాడు. నేను పేజీలోని మాటలు ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పాను, ఎర్రసిరా లేకుండా. రెండు చేతులూ దగ్గరగా. పిడి తొడ పక్కన. మొన ఎదుటివాడి మొహానికి. నాయుడు కాస్త ముందు బిగుసుకున్న నాగలిని మోపినట్టే మోకాలు వంచి నిలబడ్డాడు.

"బావా, నాను గట్టిగానే కొడతన్నాను. సెయ్యి జాగర్త" అన్నాడు దేముడు.

"ఎప్పుడు మెల్లగా కొట్టేవురా? కొట్టు."

దేముడి కర్ర పై నుంచి దిగింది. నాయుడు పెద్దగా ఏమీ చెయ్యలేదు. రెండు చేతులూ నడుము దగ్గర నుంచి కొద్దిగా పైకి లేచాయంతే. కర్ర మీద కర్ర పడి పక్కకు జారిపోయింది. నాయుడి కర్ర కొన మాత్రం దేముడి చొక్కా బొత్తాం ముందు ఆగింది. దేముడు ఒక అడుగు వెనక్కి వేసి "ఓలమ్మో" అన్నాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అంతే. నాలుగోసారికి కోపం వచ్చి కర్ర కింద పడేశాడు.

మంచం మీద మాస్టారు తల ఒక పక్కకు వంచి వింటున్నారు. ఆ దూరంలో ఆయనకు మనుషులు కనబడరు. "నాయుడూ, తగిలిందా?" అని అడిగారు.

"తగల్నేదు మాస్టారూ. ఇయ్యాల తగల్నేదు."

ఆయన లేచి చేతులు ముందుకు చాపారు. నాయుడు దగ్గరికి వచ్చి అలాగే నిలబడ్డాడు. మాస్టారు అతని చేతులు తడిమారు. మణికట్లు, వేళ్ళు, తొడకు ఆనుకున్న కర్ర మొదలు. చాలాసేపు వదల్లేదు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి, తుడుచుకునే ప్రయత్నం చెయ్యలేదు. "నాకన్నా అయిదు వందల ఏళ్ళు ముందువాడు సరిగ్గా రాసిపెట్టాడు. వాడికి నాగలి తెలీదని నేను కలంతో కొట్టేశాను" అన్నారు. "చదువు మాత్రం తప్పలేదు, అవునా అమ్మా?" అని నన్నడిగారు. లేదు మాస్టారూ, ఒక్క అక్షరం తప్పలేదు అన్నాను. చిన్నపిల్లాడిలా ఇంకోసారి అడిగి చెప్పించుకున్నారు.

నాయుడి భార్య గంటె అన్నం, అంటే సజ్జన్నం, ఉల్లిపాయ, చింతకాయ పచ్చడి పెట్టింది. తింటూ ఉండగా ఆ సంతోషం మెల్లగా తగ్గిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. నాగలి పేజీ ఒక్కటి సరయితే సరిపోదు. దాని తర్వాత సగం గ్రంథం మళ్ళీ చెయ్యాలి. ఆ కన్నుతో అది జరిగే పని కాదు. ముగ్గురికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని నాయుణ్ణి, మీ కొడుకులకు సాము నేర్పారా అని అడిగాను. ఇద్దరు కొడుకులూ పట్నంలో ఉద్యోగాలు చేస్తున్నారని అప్పటికే చెప్పాడు.

"నేదమ్మా. ఆల్లు అడగనేదు."

"మీరే పిలిచి చెప్పొచ్చు కదా?"

"అలగ సెప్పకూడదు. మా గురువూ అంతే. పిలిసి నేర్పరు. వొచ్చి అడిగినోడిని కాదనరు. దేముడు అడిగేడు, ఆడికి సెప్పేను. రేపు ఎవులూ అడక్కపోతే నాతోనే పోద్ది, నానేటి సెయ్యను?" అన్నాడు. బాధగా కాదు, వాన గురించి చెప్పినట్టే చెప్పాడు.

మాస్టారు నా వైపు తిరగలేదు. కంచంలో మెతుకులు వేళ్ళతో వెతుక్కుంటున్నారు. ఉత్తరంలో కూడా ఆ ఒక్క పేజీ చూడమన్నారు తప్ప ఇంకేమీ అడగలేదని అప్పుడు తట్టింది. నా మెడకు చుట్టుకుంటుందని నేను భయపడ్డ పనిని ఆయన ఎన్నడూ నా వైపు తొయ్యలేదు. అలా అని నాకు ధైర్యమూ రాలేదు. పిల్లలు, కాలేజీ, పన్నెండు గంటల రైలు ప్రయాణం, అన్నీ లెక్క వేసుకుంటూనే సెలవు తీసుకుని బస్సెక్కాను. మధురవాడ దాటాక వాన పట్టుకుంది. కండక్టరు కిటికీ రేకులు దించెయ్యమని అరుస్తున్నాడు. ఆ గోలలో, ఇంక ఆపుకోలేక, అడిగేశాను.

"మాస్టారూ, మిగతా సగం నాకు చెబుతారా?"

ఆయన తల తిప్పి నా మొహం కోసం వెతికారు. "నీకు తీరుతుందా?" అన్నారు.

"తీరదు. అయినా చెప్పండి."

ఆయన నా చెయ్యి వెతికి పట్టుకుని స్టాపు వచ్చేదాకా వదల్లేదు.

ఆ తర్వాత రెండేళ్ళ పాటు, నెలకోసారి, రెండో శనివారానికి నేను అదే రైల్లో వెళ్ళాను. ఆ మధ్యలోనే ఆయన ఎడమ కన్ను కూడా పోయింది. పని ఆగలేదు. నేను పాత రాత చదివి వినిపించేదాన్ని. ఆయన తెలుగు చెప్పేవారు. నేను రాసుకుని తిరిగి చదివేదాన్ని. అప్పుడు ఆయన నాయుడు ఇచ్చిన వెదురు కర్ర పట్టుకుని వరండాలో నిలబడి, నేను చదివిన వాక్యం ఎలా చెబితే అలా కదిలేవారు. చేతులు మధ్యలో ఆగిపోతే ఆ వాక్యం తప్పు. మళ్ళీ మొదలు. ఒక్కోరోజు రెండే వాక్యాలు నిలిచేవి. సంతోషమ్మగారు లోపల నుంచి "గోడ తగుల్తాది సూసుకోండి" అని కేకేసేవారు. ఎర్రసిరా కొట్టివేతలు తీసేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. సాఫు ప్రతిలో నాగలి పేజీ అడుగున 'ఇక్కడ అనువాదకుడు రెండేళ్ళు తప్పులో ఉన్నాడు' అని రాయించారు. పుస్తకాన్ని అచ్చు వెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. నా చేతిరాతతో రెండు ప్రతులున్నాయి. ఒకటి నా దగ్గర, ఇంకోటి దేముడి ఇంట్లో.

ఆఖరి పేజీ చదివిన రోజు నాకు బాగా గుర్తుంది. వరండాలో ఎండ పడుతోంది, ఆయనకు దానితో ఇప్పుడు పని లేదు. నేను ఎదుటివాడి చోట నిలబడి మెల్లగా చదివాను. నాగలి నుంచి లేచి, దెబ్బను పక్కకు జార్చి, అడుగు ముందుకు వేసి, మొన నిలపడం, అదీ ఆఖరి వాక్యం. ఆయన చేతులు ఎక్కడా ఆగలేదు. "కొన ఎక్కడుంది?" అని అడిగారు. నా గుండెకు ఎదురుగా, జానెడు దూరంలో ఉందని చెప్పాను. "అయితే సరిగ్గానే రాశాడు" అన్నారు. కర్ర దించి, తడుముకుంటూ కుర్చీలో కూర్చుని, సంతోషమ్మగారిని టీ అడిగారు.

ఇప్పటికీ ఆ ప్రయాణం తలుచుకుంటే నాకు కొంచెం సిగ్గే. వెళ్ళకుండా ఉండడానికి ఎన్ని సాకులు వెతుక్కున్నానో నాకే తెలుసు. ముగ్గురం మూడు ముక్కలు పట్టుకుని కూర్చున్నాం. మాస్టారికి అక్షరం తెలుసు, నాయుడికి సాము తెలుసు, నేను ఆ నాగలిని చూశాను. ఒక పొలం గట్టు దగ్గర కలుసుకుని ఉండకపోతే, ఎప్పుడో చనిపోయిన ఆ రాతగాడిదే తప్పని తేల్చేసి, అతని మాటను కొట్టేసి, ఎవరి ఇంటికి వాళ్ళం పోయేవాళ్ళం. మీరు కూడా ఏదైనా పాత పుస్తకం పట్టుకుని ఇలా ఎవరి ఊరికైనా బయల్దేరుతుంటే ఒక్క సూచన. తర్జుమా చేసింది ఆ పని తెలిసిన మనిషికి చదివి వినిపించండి. వినేటప్పుడు మొహం చూడకండి, మర్యాదకి తలాడిస్తారు. చేతులు చూడండి.